సందూకలో తాత పతకాలు, ఐదు తూటాలు: ఇవి ఏ యుద్ధానివి?

నకిరేకల్_పోరడు
అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర పల్లె. గూన పెంకుల పాత ఇల్లు కూలగొట్టించి కొత్తది కట్టిస్తున్నాం. మొన్న సజ్జ దించుతుంటే చెత్త వెనకాల మా తాత (నాన్న వాళ్ల నాన్న) సందూక దొరికింది. తాళం తుప్పు పట్టి ఊడి వచ్చింది. లోపల ఇవి ఉన్నాయి:

ఇత్తడి రంగులో ఆరు కోణాల నక్షత్రం, దానికి చీకిపోయిన రిబ్బన్. రూపాయి బిళ్ల కంటే పెద్దది, తెల్ల లోహపు గుండ్రటి పతకం, దాని మీద సింహం. నీళ్ల సీసా ఒకటి, ఎనామిల్‌ది, చుట్టూ ఉన్న మందపాటి గుడ్డను చెదలు తిన్నాయి. చివరిగా ఐదు తూటాలు, ఒక ఇనుప క్లిప్పు. తూటాల్లో మూడు ఖాళీ గొట్టాలు, రెండింటికి ముందు గుండు అలాగే ఉంది.

తాత బర్మా యుద్ధానికి పోయాడని ఇంట్లో అందరూ చెబుతారు. నేను పుట్టకముందే పోయాడు. ఇవన్నీ బర్మావేనా? చింతపండు పెట్టి తోముదామని అమ్మ రెడీగా ఉంది. తోమొచ్చా?

మాజీ_హవల్దార్
తమ్మీ, పతకాల సంగతి తర్వాత. గుండు ఉన్న ఆ రెండు ఇప్పుడు ఎక్కడున్నాయి?

నకిరేకల్_పోరడు
కిటికీలో పెట్టాను అన్నా. ఫొటో కోసం ఎండలో.

మాజీ_హవల్దార్
ముందు పిల్లల్ని అటు పోనివ్వకు. వాటిని తోమడం, గోకడం, పటకారుతో గుండు పీకి చూడడం, ఏదీ చేయకు. 75 ఏళ్లు దాటిన మందు ఎలా ఉంటుందో ఎవరమూ చెప్పలేం. చాలాసార్లు ఏమీ కాదు. కానీ తుపాకీ గొట్టం లేకుండా బయట పేలితే గుండు కంటే ఇత్తడి ముక్కలే ఎక్కువ ప్రమాదం, కళ్లలోకి కొడతాయి.

రెండోది, లైసెన్సు లేకుండా ఒక్క తూటా దగ్గరున్నా 1959 ఆయుధాల చట్టం కింద కేసే. "మా తాతది" అంటే ఊరుకుంటారులే అనుకోవద్దు. పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి, ఇల్లు కూలగొడుతుంటే దొరికాయి, వచ్చి తీసుకెళ్లండి అని చెప్పు. జేబులో వేసుకుని బస్సెక్కి నువ్వే పోవద్దు. దారిలో ఎవరైనా ఆపితే కథ మారిపోతుంది.

పాలమూరు_పిల్లగాడు
బస్సులో కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడంటే అదే సాక్ష్యం 😄

పాత_ఇత్తడి
హవల్దార్ గారు చెప్పింది ముందు చేయండి. నేను 20 ఏళ్లుగా పతకాలు, బ్యాడ్జీలు పోగేస్తున్నాను. నాది ఒకటే మాట: అమ్మగారి చేతిలోంచి ఆ చింతపండు లాక్కోండి.

నా మొదటి పతకం మొదటి ప్రపంచ యుద్ధంది, వెండిది. చింతపండు, ఉప్పు, బూడిద కలిపి అద్దంలా తోమాను. ఇంట్లో అందరికీ చూపించి మురిసిపోయాను. ఆరు నెలల తర్వాత ఒక పెద్దాయన భూతద్దం పెట్టి అంచు చూసి, "ఇక్కడ సిపాయి పేరు ఉండేది బాబూ" అన్నాడు. పేరు ఉన్న చోట సన్నని గీతలు మిగిలాయి. మొదటి అక్షరం "ఎం" అయి ఉండొచ్చు. అంతే. ఆ మనిషిని రెండోసారి చంపినట్టయింది నాకు.

మన సిపాయిలకు ఇచ్చిన పతకాలకు ఒక మంచి గుణం ఉంది. రెండో యుద్ధంలో బ్రిటన్ వాళ్లు సొంత సైనికులకు పేరు చెక్కకుండా ఉత్త పతకాలే పంపారు. భారత సైన్యానికి మాత్రం నంబరు, హోదా, పేరు, దళం అచ్చు కొట్టి ఇచ్చారు. గుండ్రటి వాటికి అంచు మీద, నక్షత్రాలకు వెనకవైపు. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, టార్చి పక్కనుంచి వేసి చూడండి. వెలుగు ఏటవాలుగా పడితే అరిగిన అక్షరం కూడా లేస్తుంది. నక్షత్రం ముందువైపు వలయంలో ఏం రాసి ఉంది?

నకిరేకల్_పోరడు
పోలీసులకు ఫోన్ చేశాను. రేపు పొద్దున వస్తామన్నారు. రెండింటినీ ఇసుక బకెట్లో పెట్టి కొట్టం దగ్గర ఉంచాను.

నక్షత్రం మీద ఇంగ్లిష్‌లో "ది పసిఫిక్ స్టార్" అని ఉంది. రిబ్బన్ రెండు అంచులు ఎరుపు, మధ్యలో ఆకుపచ్చ, దాని నడుమ పసుపు గీత. వెనక అక్షరాలు ఉన్నాయి అన్నా! నంబరు బాగానే కనబడుతోంది. పేరు సగం. చివర్లో "హైద్" అన్న మూడక్షరాలు, తర్వాత "ఇన్ఫ్" లాంటిది.

పాత_ఇత్తడి
పేరు, నంబరు ఇక్కడ పెట్టకండి, మీ దగ్గరే ఉంచుకోండి.

అయితే ఇది బర్మా కాదు. బర్మాకు వేరే నక్షత్రం ఉంది, బర్మా స్టార్. దాని రిబ్బన్ మధ్యలో ఎరుపు, పక్కన నీలం, నారింజ. రెండుచోట్లా పనిచేసినవాడికి కూడా రెండు నక్షత్రాలు ఇవ్వలేదు. మొదటిది ఇచ్చి, రిబ్బన్ మీదికి "బర్మా" అని రాసిన చిన్న పట్టీ ఇచ్చారు. మీ రిబ్బన్ మీద అలాంటి పట్టీ గానీ, కుట్టిన గుర్తు గానీ ఉందా?

నకిరేకల్_పోరడు
లేదు. సందూక అడుగు కూడా దులిపి చూశాను. నాఫ్తలీన్ ఉండ, ఎలుక పెంటికలు, అంతే.

పాత_ఇత్తడి
అయితే మలయా (ఇప్పటి మలేషియా వైపు) అనుకుంటున్నాను. 1941 డిసెంబర్ 8 నుంచి 1942 ఫిబ్రవరి 15 దాకా మలయాలో ఉన్నవాళ్లకు పసిఫిక్ స్టారే. ఫిబ్రవరి 15 సింగపూర్ జపాన్ చేతికి చిక్కిన రోజు. గుండ్రటిది వార్ మెడల్. సింహం కాళ్ల కింద రెండు తలల డ్రాగన్ ఉంటుంది చూడండి. అది యుద్ధంలో 28 రోజులు పనిచేసిన ప్రతివాడికీ వచ్చింది, దాన్నుంచి కొత్తగా తెలిసేదేమీ లేదు. కథంతా నక్షత్రం దగ్గరే.

చరిత్ర_టీచరమ్మ
"హైద్" చూడగానే తొందరపడొద్దని చెప్పడానికి వచ్చాను. ఆ పేరుతో రెండు వేరువేరు సైన్యాలున్నాయి. ఒకటి బ్రిటిష్ ఇండియా సైన్యంలో 19వ హైదరాబాద్ రెజిమెంట్. పేరుకే హైదరాబాద్, అందులో ఎక్కువమంది కుమావూనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్‌గా మార్చారు. రెండోది నిజాం సంస్థానం సొంత సైన్యం. అందులోని ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ మలయాలో కోటా బారు విమానాశ్రయానికి కాపలా ఉంది. జపాన్ సేన మలయాలో మొదట దిగింది ఆ కోటా బారు తీరంలోనే, డిసెంబర్ 8 అర్ధరాత్రి దాటాక.

నల్లగొండ జిల్లా పల్లె నుంచి పోయిన మనిషి, వెనక "హైద్ ఇన్ఫ్" అంటే రెండోదే కావడానికి ఎక్కువ అవకాశం. "ఎక్కువ అవకాశం" అనే అంటున్నాను. దళం ముందు అంకె ఉందేమో ఇంకోసారి టార్చి వేసి చూడు నాయనా.

మా పిల్లలకు క్లాసులో ఎప్పుడూ చెబుతాను, ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ లాన్సర్లది అని. ఒక్కరూ నమ్మరు. మైసూరు, జోధ్‌పూర్, హైదరాబాద్, మూడూ మొదటి యుద్ధంలో పాలస్తీనా వైపు పోయిన గుర్రపు దళాలు.

నకిరేకల్_పోరడు
అంకె ఉంది మేడమ్. "1". చాలా సన్నగా.

మరి ఇంట్లో అందరూ బర్మా అని ఎందుకు అంటారు?

మాజీ_హవల్దార్
ఊళ్లో తూర్పున సముద్రం దాటి ఏది జరిగినా బర్మానే. మా నాయనమ్మ సింగపూర్‌ను కూడా బర్మా అనేది, రంగూన్ కూడా బర్మా, జపాన్ కూడా బర్మా అవతల ఇల్లు. తప్పు చెప్పలేదు వాళ్లు, వాళ్ల పటంలో అంతే ఉంది.

నకిరేకల్_పోరడు
అయితే తాత జపానోళ్లకు ఖైదీగా దొరికాడా? నాలుగేళ్లు ఉత్తరం రాలేదని, తద్దినం పెడదామా అని కూడా అనుకున్నారని నాన్న చెప్పేవాడు. తిరిగొచ్చాక అన్నం గింజ కింద పడనిచ్చేవాడు కాదట.

పాత_ఇత్తడి
నక్షత్రం చెప్పేది ఒకటే, ఆ రెండు నెలల్లో ఏదో ఒక రోజు ఆయన మలయాలో ఉన్నాడని. తర్వాతది అది చెప్పదు. సింగపూర్‌లో లొంగిపోయిన భారత సిపాయిలను ఫారర్ పార్కులో జపాన్ వాళ్లకు అప్పజెప్పారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లోకి వెళ్లారు, కొందరు క్యాంపుల్లో ఉండిపోయారు. మీ తాత ఏ వైపో పతకం చూసి నేను చెబితే అది అబద్ధమే అవుతుంది. ఆ అన్నం గింజ మాట మాత్రం ఒక కాగితం మీద రాసి పెట్టండి. పతకం పక్కన ఉండాల్సింది అదే.

చరిత్ర_టీచరమ్మ
నిజాం కాలం దస్త్రాలు హైదరాబాద్‌లో తార్నాక ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలావరకు ఉర్దూ, ఫార్సీ. చదివేవాళ్లను వెంట తీసుకెళ్లు. దళం పేరు, నంబరు చేతిలో ఉంటే అడగడం తేలిక. ఉత్త పేరుతో పోతే నీలాంటి వాళ్లు వంద మంది.

నిజాం_కలెక్షన్
బ్రదర్ రెండు పతకాలు కలిపి ఎంతకిస్తారు? క్యాష్ రెడీ. రజాకార్ల కత్తి, బ్యాడ్జీ, జెండా గుడ్డ ఏది ఉన్నా తీసుకుంటా. ఇన్‌బాక్స్‌కు రండి.

గుండ్రాంపల్లి_దారి
నాది చిట్యాల దగ్గర. రజాకార్లు చంపినవాళ్ల గుర్తుగా కట్టిన గుండ్రాంపల్లి స్తూపం పక్కనుంచే రోజూ డ్యూటీకి పోతాను. 48లో అక్కడ ఏం జరిగిందో మా ఇంట్లో ఇప్పటికీ పొద్దుపోయాక మాట్లాడరు. మీరు అడిగే కత్తి ఎవరి మీద పడిందో తెలియకుండా షోకేసులో పెట్టుకుంటారా? పోగుచేయొద్దని నేను అనను. ఎవరిదో, ఎక్కడ దొరికిందో రాసిపెట్టి పోగుచేస్తే అది చరిత్ర. "రజాకార్ ఐటమ్" అని రేటు కడితే అది వేరే.

పాత_ఇత్తడి
నిజాం_కలెక్షన్ గారూ, 9 అంగుళాలు దాటిన కత్తులకు కూడా ఆయుధాల నిబంధనల్లో లెక్క ఉంది, ముందు అది చదవండి. ఇంకోటి, "రజాకార్ కత్తి" అని సంతల్లో అమ్మేవాటిలో నేను చూసినవి అన్నీ కొత్త ఇనుముకు యాసిడ్ పెట్టి పాతగా చేసినవే. తుప్పు గుంతల్లో నల్లగా ఉండాలి. ఎర్రగా పొడి రాలితే నిన్నటిది. నేనూ ఒకసారి ఒక దుకాణంలో మోసపోయాను, ఎంతకో చెప్పను, మా ఆవిడ ఇది చదువుతుంది.

పోరడు గారూ, అమ్మొద్దు. ఈ పతకాలు లోహం లెక్కన చూస్తే కిలో ఇత్తడి కొట్టులో టీ డబ్బులు రావు. పేరు, ఇల్లు, సందూక కలిసి ఉన్నప్పుడే దానికి విలువ.

నకిరేకల్_పోరడు
అమ్మను అన్నా, అడిగింది కూడా లేదు.

తూటాల సంగతి. పోలీసులు రాకముందు దూరం నుంచే జూమ్ చేసి ఫొటోలు తీశాను. ఖాళీ వాటి అడుగున, టిక్లీ (నడుమ ఉండే గుండ్రటి బిళ్ల) చుట్టూ ఇంగ్లిష్ కె, ఎఫ్, వాటి మధ్య పైకి చూసే బాణం. కింద 44, రోమన్ అంకెల్లో ఏడు. గుండు ఉన్న రెండింటికీ అదే.

మాజీ_హవల్దార్
టిక్లీ అన్నావు చూడు, అదే మాట మా లంగర్‌లో (పటాలం వంటశాలలో) కూడా. ఖాళీ వాటి టిక్లీ మధ్యలో చిన్న గుంత పడి ఉందా?

నకిరేకల్_పోరడు
మూడింటికీ ఉంది. గుండు ఉన్నవాటికి నున్నగా ఉంది.

మాజీ_హవల్దార్
అయితే మూడూ కాల్చినవి, రెండూ పచ్చివి. పాయింట్ త్రీనాట్‌త్రీ రైఫిల్ తూటాలు. అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, బొటనవేలి గోరుకు తగులుతుంది. (తగిలించి చూడకు!) ఆ ఇనుప క్లిప్పు ఐదు తూటాలది, రైఫిల్‌లోకి ఒక్కసారి నొక్కి దించడానికి. నేను ట్రైనింగ్‌లో ఈ రైఫిల్‌తోనే భుజం కమిలించుకున్నాను.

పాత_ఇత్తడి
కె, బాణం, ఎఫ్ అంటే పుణె దగ్గర కిర్కీ ఫ్యాక్టరీ. ఏడు అంటే ఏడో రకం గుండు, ముక్కు సూదిగా ఉండేది. బాణం సర్కారు సొత్తు అన్న గుర్తు. ఇక 44 తయారైన ఏడాది.

ఇప్పుడు లెక్క వేసుకోండి. మీ తాత మలయాలో ఉన్నది 41–42లో. ఆయన కోటా బారులో కాపలా కాసేనాటికి ఈ తూటా పుట్టనే లేదు. సందూక ఒకటే, యుద్ధాలు రెండు.

పాలమూరు_పిల్లగాడు
ఇది సినిమా ఇంటర్వెల్ లాగుంది. చాయ్ తెచ్చుకుంటా, ఆగండి.

చరిత్ర_టీచరమ్మ
44 తర్వాత మన దిక్కు త్రీనాట్‌త్రీ మోగిన సందర్భాలు తక్కువేం కాదు. 46 నుంచి 51 దాకా సాయుధ పోరాటం. సంఘం (కమ్యూనిస్టుల) దళాల దగ్గర మొదట ఉన్నవి వడిసెలలు, గుత్పలు (దుడ్డుకర్రలు), బర్మార్లు (నాటు తుపాకులు). రైఫిళ్లు ఎక్కువగా ఎదుటివాళ్ల దగ్గర గుంజుకున్నవే. అటు నిజాం పోలీసులు, ఇటు 48 సెప్టెంబర్‌లో వచ్చిన భారత సైన్యం, ఎవరి చేతిలోనైనా ఇదే తూటా ఉండొచ్చు.

నకిరేకల్ అంటున్నావు కాబట్టి ఒక మాట. పోలీస్ యాక్షన్‌లో పెద్ద దండు షోలాపూర్ నుంచి వచ్చింది. మన రోడ్డు మీద బెజవాడ నుంచి ఇంకో దండు వచ్చింది. సెప్టెంబర్ 13 పొద్దున్నే కోదాడ, సాయంత్రానికి మునగాల, తర్వాత సూర్యాపేట. వెనక్కి పోతూ నిజాం సైన్యం సూర్యాపేట దగ్గర మూసీ వంతెన పేల్చేసింది. సైన్యం దాన్ని బాగుచేసుకుని నార్కట్‌పల్లి వైపు కదిలింది, అక్కడా కాల్పులు జరిగాయి. 17న నిజాం కాల్పులు ఆపమన్నాడు. ఆ దారి మధ్యలోనే మీ ఊరు.

బురుజుల_వెంట
ఆలస్యంగా చూశాను. ఇదంతా చదివాక చాలామంది బండి వేసుకుని బురుజులు, గడీలు వెతకడానికి బయల్దేరుతారు, నాకు తెలుసు, నేనూ అట్లాగే మొదలుపెట్టాను. అందుకే నా భాగోతం చెబుతాను.

మూడేళ్ల కింద దేవరకొండ వైపు ఒక పల్లె. ఊరి బయట పాడుబడ్డ బురుజు ఉందని విని ఒక్కడినే పోయాను. బ్యాగులో టార్చి, టేపు, మిత్రుడి దగ్గర అరువు తెచ్చుకున్న మెటల్ డిటెక్టర్. పట్టుమని పది నిమిషాలు కాలేదు, నలుగురు గొర్ల కాపరులు, తర్వాత సగం ఊరు. "గుప్తనిధుల గ్యాంగ్" అన్నారు. బురుజు లోపల ఎవరో అప్పటికే మనిషిలోతు గుంత తవ్వి, నిమ్మకాయలు, కుంకుమ పెట్టి పోయారు. నేను చేయలేదంటే ఎవరు నమ్ముతారు? సర్పంచ్ ఇంటి అరుగు మీద నాలుగు గంటలు కూర్చోబెట్టారు. సర్పంచ్ భార్య మాత్రం జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. చివరికి నా ఫోన్‌లో 60 బురుజుల ఫొటోలు చూశాక, "పిచ్చోడు, వదిలేయండి" అని తీర్పు వచ్చింది. అంతకంటే న్యాయమైన తీర్పు నాకు ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు నుంచి డిటెక్టర్ ముట్టలేదు. అది చట్టానికీ మంచిది కాదు. మట్టిలో దొరికిన దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పాలి, 1878 నాటి చట్టం, ఇప్పటికీ ఉంది. ఊళ్లోకి పోగానే ముందు పంచాయతీలో చెబుతాను, తర్వాత చాయ్ హోటల్లో చెబుతాను. రెండోదే ఎక్కువ పనిచేస్తుంది.

తవ్వకుండానే చూడాల్సింది బోలెడు. బురుజు గోడలో తుపాకీ కన్నాలు ఉంటాయి కదా, లోపల అరచేయి వెడల్పు, బయట రెండు వేళ్లు. లోపల కూర్చుని ఒక్కో కన్నంలోంచి చూడండి. ఒకటి బావి వైపు, ఒకటి ఊరి తొవ్వ వైపు. కట్టినవాడు దేనికి భయపడ్డాడో అక్కడ తెలుస్తుంది. ఒక చోట కన్నం సరిగ్గా మాదిగవాడ వైపు ఉంది. ఆ దొర దొంగలకు భయపడలేదు.

పాలమూరు_పిల్లగాడు
అన్నా మా పాలమూరు వైపు ఏవి చూడాలి?

బురుజుల_వెంట
కోయిలకొండ, ఖిల్లా ఘనపూర్, పానగల్ కోట. ఈ పానగల్ వనపర్తి వైపుది, నల్లగొండ పక్కన గుడులున్న పానగల్ వేరు, మ్యాప్ పెట్టుకుని తప్పు ఊరికి పోయినవాళ్లు నాకు తెలుసు. గద్వాల కోట సరే, లోపల డిగ్రీ కాలేజీ పెట్టారు, ఆదివారం పొండి. నల్లమలలో ఫరహాబాద్ వైపు మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా వద్దు, అది పులుల అడవి. ఎక్కడైనా సరే, మార్చి తర్వాత కోట గోడలకు పెద్ద తేనెపట్లు ఉంటాయి. సెంటు కొట్టుకుని, సిగరెట్ ముట్టించి పోవద్దు. పాము కంటే తేనెటీగలకే నేను ఎక్కువ ఉరికాను.

నకిరేకల్_పోరడు
అప్‌డేట్. పోలీసులు వచ్చి పంచనామా రాసుకున్నారు. పచ్చివే కాదు, ఖాళీ గొట్టాలు, క్లిప్పు కూడా పట్టుకెళ్లారు. కాపీ కోసం మూడుసార్లు తిరిగాను, మూడోసారి జిరాక్స్ నా డబ్బులతోనే. పతకాలు, నీళ్ల సీసా మాకే వదిలేశారు. ఫొటోలైనా తీసినందుకు మంచిదైంది.

నిన్న మా మేనత్తకు ఫోన్ చేశాను. 85 ఏళ్లు, చెవులు సరిగా వినబడవు, జ్ఞాపకం మాత్రం కత్తి. తూటాలు అనగానే నవ్వింది. ఆమె మాటల్లోనే రాస్తున్నా:

"మిల్ట్రీ లారీలు పోయినంక సడక్ పొంటి మస్తు పడి ఉండె. మేం పోరగాండ్లం ఒళ్లె ఏరుకునేటోళ్లం. ఖాళీయి మూతికి పెట్టుకొని ఊదితె ఈల లెక్క మోగేది. మీ తాతకు ఆ ఈల ఇనబడితె ఉరికొచ్చేది. ఒకపాలి నా ఒళ్లె పచ్చియి రెండు చూసిండు. కొట్టలే, తిట్టలే. చేతులు గజగజ వణికినయి. అన్ని గుంజుకొని సందూకల ఏసి తాళం పెట్టిండు. పొయ్యిల ఏస్తమని భయం."

చరిత్ర_టీచరమ్మ
ఆ ఫోన్ రికార్డ్ చేశావా?

నకిరేకల్_పోరడు
చేయలేదు మేడమ్. ఆదివారం ఊరికి పోయి చేస్తాను.

ఇంకో మాట కూడా అన్నది. "మూడు ఉండె పచ్చియి. ఒకటి మీ నాయిన బాయిల ఏసిండు."

మాజీ_హవల్దార్
ఏ బావి?

నకిరేకల్_పోరడు
మా పెరట్లోదే అన్నా. చిన్నప్పుడే పూడ్చేశారు. కొత్త ఇంటి సెప్టిక్ ట్యాంకుకు మేస్త్రీ అక్కడే ముగ్గు పోశాడు.

మాజీ_హవల్దార్
మేస్త్రీ నంబర్ ఇవ్వు.